పీఎస్3 స్కైరిమ్ వాళ్ళ గోడు: డాన్‌గార్డ్ ఎప్పుడు? అసలు వస్తుందా?

డ్రాగన్ దొర (విజయవాడ)
1 సెప్టెంబర్ 2012, రాత్రి 9:40

స్కైరిమ్ ఆట తయారుచేసిన బెథెస్డా వాళ్ళు నిన్న పెట్టిన ప్రకటన చూశారా? స్కైరిమ్‌కి మొదటి డీఎల్‌సీ (అదనంగా కొని దించుకునే భాగం) అయిన డాన్‌గార్డ్ సోనీ కన్సోల్ పీఎస్3లో సరిగ్గా నడవని సమస్యను పరిష్కరించగలమన్న నమ్మకం తమకే లేదట. సోనీతో కలిసి ప్రయత్నిస్తున్నారట. చాలా రకాలుగా చేసి చూశారట, ఏదీ అందరికీ సరిపడేలా కుదరలేదట. చదివాక కాసేపు కంట్రోలర్ పక్కన పడేసి కూర్చున్నాను.

లెక్క చూడండి. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360కి జూన్ 26న వచ్చింది. పీసీకి ఆగస్టు 2న వచ్చింది. ముప్ఫై రోజులు ఎక్స్‌బాక్స్‌కి ముందు ఇస్తామని 2011 ఈ3 గేమ్స్ ప్రదర్శనలోనే చెప్పారు కాబట్టి జూలై అంతా నోరు మూసుకున్నాం. ఆగస్టూ అయిపోయింది. ఇప్పుడు హార్త్‌ఫైర్ అనే రెండో డీఎల్‌సీ అట, ఈ నెల 4న, అది కూడా ఎక్స్‌బాక్స్‌కే. మొదటిదానికే దిక్కు లేదు, అప్పుడే రెండోది!

ఆలస్యం కన్నా నాకు ఎక్కువ మండేది ఇంకోటి ఉంది. నవంబర్ 11న ఆట వచ్చినప్పుడు అమెరికాలో రెండు కన్సోళ్ళకీ 60 డాలర్లే. పీఎస్3 డిస్క్ డబ్బా మీద "ఇందులో సగమే వస్తుంది" అని ఎక్కడా రాయలేదు. మనం ఏమైనా డబ్బులు తక్కువిచ్చామా?

గ్రీన్ రింగ్ (విశాఖ)
1 సెప్టెంబర్ 2012, రాత్రి 10:05

దొరా, నేను నిన్న రాత్రి నా 360లో డాన్‌గార్డ్ ఆడుతూ వ్యాంపైర్ లార్డ్‌గా (రక్తపిశాచుల దొరగా) మారి రెక్కలేసుకుని తిరిగాను. క్రాస్‌బో కూడా బాగుంది. సెరానా అనే వ్యాంపైర్ అమ్మాయి కథ అయితే చెప్పనే అక్కర్లేదు. ఫోటోలు పెట్టమంటావా?

డ్రాగన్ దొర
1 సెప్టెంబర్ 2012, రాత్రి 10:07

పుండు మీద కారం చల్లడానికే వచ్చావా గురూ.

నల్లకుంట నాని (హైదరాబాద్)
1 సెప్టెంబర్ 2012, రాత్రి 10:31

ఇదంతా మైక్రోసాఫ్ట్ డబ్బు మహిమ అన్నా. సాంకేతిక సమస్య, గాడిద గుడ్డు ఏమీ లేదు. జీటీఏ 4 ఆటకి ఏం జరిగిందో గుర్తుందా? దాని డీఎల్‌సీ ది లాస్ట్ అండ్ డామ్న్‌డ్ 2009 ఫిబ్రవరిలో 360కి వచ్చింది, పీఎస్3 వాళ్ళకి దక్కింది 2010 ఏప్రిల్‌లో. మధ్యలో ఏడాదికి పైగా ఏ సాంకేతిక సమస్యా లేదు, ఉన్నదల్లా అయిదు కోట్ల డాలర్ల ఒప్పందమే. ఇక్కడా అంతే. చెప్పుకోలేక సోనీ పేరు వాడుకుంటున్నారు.

సాఫ్ట్‌వేర్ సుబ్బు (బెంగళూరు)
1 సెప్టెంబర్ 2012, రాత్రి 11:18

నానీ, ఒప్పందం నిజమే, కానీ అది ముప్ఫై రోజులకే. పీసీకి ఆగస్టులో వచ్చిందంటే ఆ గడువు తీరిందనే కదా అర్థం. ఆ తర్వాత జరుగుతున్న ఆలస్యాన్ని మైక్రోసాఫ్ట్ ఖాతాలో వేయలేం.

గేమ్స్ రాసే పని కాదు కానీ నేను రోజూ సీ ప్లస్ ప్లస్‌లో మెమరీతోనే కుస్తీ పడతాను కాబట్టి నాకు అర్థమైనంత చెబుతాను. 360లో 512 ఎంబీ ర్యామ్ మొత్తం ఒకటే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ దాన్ని అవసరాన్ని బట్టి పంచుకుంటాయి. పీఎస్3లో కూడా కలిపితే 512 ఎంబీయే, కాకపోతే 256 ప్రాసెసర్ వైపు, 256 గ్రాఫిక్స్ వైపు. అదే కొలతల్లో ఒకరిది పెద్ద హాలు, మనది మధ్యలో గోడ కట్టిన రెండు గదులు. పెళ్ళివారంతా ఒకే గదిలో ఇరుక్కుంటే పక్క గది ఖాళీగా ఉన్నా లాభం లేదు. పైగా సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కోసం అందులోంచే కొంత పక్కన పెట్టాలి.

స్కైరిమ్ లాంటి ఆటలో ప్రాసెసర్ వైపు గదే ముందు నిండుతుంది. ఎందుకంటే ఈ ఆట అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. నువ్వు ఎత్తిన పళ్ళెం, కింద పడేసిన కత్తి, చంపిన బందిపోటు శవం, తెరిచిన పెట్టె, అన్నీ. ఇలాంటి ఇంజిన్ (ఆటని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) మీదే వచ్చిన ఫాల్అవుట్ న్యూ వెగాస్ ఆట డైరెక్టర్ జాష్ సాయర్ దీని గురించి చెప్పింది వెతికి చదవండి. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ప్రతి వస్తువూ మొదట్లో ఉన్న స్థితికి ఇప్పుడెంత తేడాలో ఉందో ఆట దాచుకుంటూ పోతుంది, ఆడేకొద్దీ ఆ చిట్టా పెరుగుతుంది, విడదీసిన మెమరీ ఉన్న పీఎస్3 మీద ఆ బరువు ఎక్కువ పడుతుంది, ఇది ఇంజిన్ పునాదిలోనే ఉన్న సంగతి. స్కైరిమ్ డైరెక్టర్ టాడ్ హోవార్డ్ మాత్రం సేవ్ ఫైల్ సైజు ఒక్కటే కారణం కాదంటాడు. ఎవరు ఏ వరుసలో ఏం చేశారు, ఆ క్షణంలో వెనకాల ఏమేం నడుస్తున్నాయి అన్నదాన్ని బట్టి మారుతుందంటాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు పెద్ద వైరుధ్యం కనిపించదు.

ఇప్పుడు అప్పటికే నిండిన గదిలోకి డాన్‌గార్డ్ అంత పెద్దదాన్ని తెచ్చి దింపమంటున్నాం.

లావణ్య_కె (హైదరాబాద్)
2 సెప్టెంబర్ 2012, ఉదయం 7:52

సుబ్బు గారూ, ఒక్క డౌట్. ఆటలో వైట్‌రన్ ఊళ్ళోని నా బ్రీజ్‌హోమ్ ఇంటి నిండా జున్ను ముద్దలు పేర్చాను. అల్మారాల్లో, బల్ల మీద, మెట్ల కింద, మంచం చుట్టూ, ఒక్కొక్కటీ చేత్తో తిప్పి సరిచేసి మరీ. గోడకి ఆనించి వెండి పళ్ళేల వరస ఒకటి ఉంది. ఈమధ్య ఆ ఇంటి తలుపు తీస్తే చాలాసేపు లోడింగ్ బొమ్మే తిరుగుతోంది, లోపలికెళ్ళాక నా వెంట ఉండే లిడియా అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తోంది. కొంపదీసి దీనికి నా జున్నే కారణమా?

సాఫ్ట్‌వేర్ సుబ్బు
2 సెప్టెంబర్ 2012, ఉదయం 8:20

అయ్యో లావణ్య గారూ! ప్రతి జున్ను ముద్ద ఎక్కడుంది, ఏ కోణంలో ఒరిగింది, అన్నీ సేవ్ ఫైల్‌లో రాసి ఉంటాయి. అన్నీ తీసి ఒక పెట్టెలో పడేయండి, లేదా అమ్మేయండి. పెట్టెలో ఉంటే "జున్ను ఇన్ని" అని ఒక్క లెక్క చాలు, చోటు, కోణం గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇంకో రెండు చిట్కాలు, అందరికీ. ఒకటి, ఆటోసేవ్‌లన్నీ ఆపేయండి, కావలసినప్పుడు చేత్తో సేవ్ చేసుకోండి. రెండు, ఏదో ఒక ఇంటి లోపల నిలబడి 24 గంటల చొప్పున వెయిట్ నొక్కుతూ ఆటలో 31 రోజులు గడపండి. మామూలు గుహలు 10 రోజులకి, మీరు పూర్తిగా ఊడ్చేసినవి 30 రోజులకి రీసెట్ అవుతాయి (మొదటి స్థితికి వస్తాయి), చిట్టా కొంత తగ్గుతుంది. సొంత ఇల్లు మాత్రం రీసెట్ కాదు, అది మీరే సర్దుకోవాలి.

డ్రాగన్ దొర
2 సెప్టెంబర్ 2012, ఉదయం 8:41

ఆటోసేవ్ ఆపమంటావు సరే సుబ్బూ, మాకు ఎప్పుడు కరెంట్ పోతుందో తెలియదు. ఒక గుహ సగంలో ఉండగా ఫట్‌మంటే మొదటి నుంచీ మళ్ళీ మొదలు.

సాఫ్ట్‌వేర్ సుబ్బు
2 సెప్టెంబర్ 2012, ఉదయం 8:44

ఇన్వర్టర్ కొనుక్కో దొరా. దానికి ప్యాచ్ బెథెస్డా వాళ్ళు కూడా ఇవ్వలేరు.

గ్రీన్ రింగ్
2 సెప్టెంబర్ 2012, ఉదయం 10:15

ఆటపట్టించడం పక్కన పెట్టి ఒక మాట. మీరంతా 360 వాళ్ళకే ఎప్పుడూ పెద్దపీట అన్నట్టు మాట్లాడుతున్నారు. బ్యాటిల్‌ఫీల్డ్ 3 ఆటలో బ్యాక్ టు కర్కంద్ డీఎల్‌సీ మీకే వారం ముందు వచ్చింది. బ్యాట్‌మాన్ ఆట అర్ఖమ్ అసైలమ్‌లో జోకర్‌గా ఆడే అవకాశం పీఎస్3కే ఇచ్చారు, అది మాకు ఎప్పటికీ రాలేదు. వచ్చే నెల అసాసిన్స్ క్రీడ్ 3లో బెనెడిక్ట్ ఆర్నాల్డ్ మిషన్లు కూడా మీకే. అప్పుడు మీలో ఎవరైనా మా కోసం ఒక్క పోస్టు పెట్టారా?

లావణ్య_కె
2 సెప్టెంబర్ 2012, ఉదయం 11:02

ఆ మాట నిజమే. కానీ వాటిలో ఏది ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది కొనేముందే తెలుసు. జోకర్ కావాలనుకున్నవాళ్ళు పీఎస్3 డిస్క్ కొన్నారు. స్కైరిమ్‌కి "మొదట ఎక్స్‌బాక్స్, తర్వాత మిగతావాళ్ళు" అన్నారు. ఆ "తర్వాత"ను నమ్మి కొన్నాం. ఇప్పుడు ఆ మాటే గాల్లో కలిసింది.

డాలస్ బాబాయ్ (అమెరికా)
2 సెప్టెంబర్ 2012, రాత్రి 9:12

పిల్లలూ, నేను పాత పాపిని. బెథెస్డా వాళ్ళ పాత ఆట ఆబ్లివియన్ 360కి 2006 మార్చిలో వస్తే పీఎస్3కి ఏడాది ఆగి వచ్చింది. వాళ్ళదే ఫాల్అవుట్ 3 ఆట సంగతి ఇంకా ఘోరం. దాని డీఎల్‌సీలు ఆపరేషన్ ఆంకరేజ్, ది పిట్, బ్రోకెన్ స్టీల్, 2009 జనవరి నుంచి వరసగా అవతలివాళ్ళకి పడుతుంటే పీఎస్3 వాళ్ళం గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాం. మొదట్లో అసలు పీఎస్3కి లేనే లేవన్నారు. మే నెలలో మాట మార్చి ఇస్తామన్నారు. చేతికి వచ్చేసరికి సెప్టెంబర్ చివరి వారం, అది కూడా మూడోదైన బ్రోకెన్ స్టీల్‌తో మొదలుపెట్టి. న్యూ వెగాస్‌కీ డెడ్ మనీ డీఎల్‌సీ 360కి 2010 డిసెంబర్‌లో, మిగతావాళ్ళకి 2011 ఫిబ్రవరిలో.

చెప్పొచ్చేదేమిటంటే ఈ కంపెనీ ఆటలు పీఎస్3లో కొన్నవాళ్ళకి ఇది అలవాటైన నొప్పే. నాకు అనుమానం, ఈసారి కూడా ఇస్తారు, కాకపోతే అందరికన్నా చివర్లో, వరస తప్పించి.

నల్లకుంట నాని
2 సెప్టెంబర్ 2012, రాత్రి 9:40

బాబాయ్, మీకు అన్నీ ఆలస్యంగానైనా వచ్చాయి. మనదేశంలో 360 వాళ్ళకి ఫాల్అవుట్ 3 ఆటే రాలేదు. సాంస్కృతిక సున్నితత్వాలు అని 2008లో మైక్రోసాఫ్ట్ ఇండియాలో విడుదలే ఆపేసింది. అందులో రెండు తలల ఆవులకి బ్రాహ్మిన్ అని పేరు పెట్టడమే కారణమని జనం అనుకున్నారు, వాళ్ళు మాత్రం వివరం చెప్పలేదు. మా అన్నయ్య దుబాయ్ నుంచి తెప్పించుకున్నాడు.

మోడరేటర్
2 సెప్టెంబర్ 2012, రాత్రి 10:00

ఈ చర్చా దారం పక్కదారి పడుతోంది. ఏ కన్సోల్ గొప్ప అన్న గొడవకి వేరే దారం ఉంది. ఇద్దరి పోస్టులు తొలగించాను, ఎవరివో వాళ్ళకి తెలుసు.

గ్రీన్ రింగ్
4 సెప్టెంబర్ 2012, రాత్రి 11:30

హార్త్‌ఫైర్ వచ్చింది. 400 మైక్రోసాఫ్ట్ పాయింట్లు, అంటే అయిదు డాలర్లు. ఫాల్క్రీత్ దగ్గర ఒక స్థలం కొన్నాను. కలప, మట్టి, రాయి, మేకులు తెచ్చి మనమే కట్టుకోవాలి. పిల్లల్ని దత్తత తీసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఒక సాయంత్రానికి సరుకు అయిపోతుంది. మీరు దీనికోసం కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు.

లావణ్య_కె
5 సెప్టెంబర్ 2012, ఉదయం 8:05

గ్రీన్ రింగ్ గారూ, మీకు ఒక సాయంత్రం. నాకు అదే ఆట అంతా! డ్రాగన్లని చంపడం కన్నా నాకు ఇల్లు సర్దుకోవడమే ఇష్టం, జున్ను సంగతి చూశారుగా. రిఫ్టెన్ అనాథాశ్రమం నుంచి పిల్లల్ని తెచ్చుకోవచ్చని చదివినప్పటి నుంచీ అదే ధ్యాస. రక్తం తాగేవాళ్ళ గోల ఎవరికైనా ఇచ్చుకోండి, నాకు హార్త్‌ఫైర్ ఇస్తే చాలు. అయినా నాకు ఒక సంగతి అర్థం కాదు. ఇది చిన్నదే కదా, కనీసం దీన్నయినా పీఎస్3కి ఇవ్వలేరా?

సాఫ్ట్‌వేర్ సుబ్బు
5 సెప్టెంబర్ 2012, ఉదయం 9:30

డౌన్‌లోడ్ చిన్నదే అయినా ఆడేటప్పుడు అది పెంచే చిట్టా చిన్నదేం కాదండీ. మూడు ఇళ్ళు, ఒక్కో ఇంట్లో మీలాంటివాళ్ళు పేర్చే సామాను, తిరిగే పిల్లలు, పెంపుడు జంతువులు. మీ జున్నుకి ఇంకో మూడు గోదాములు దొరికినట్టే.

డ్రాగన్ దొర
6 అక్టోబర్ 2012, సాయంత్రం 6:10

నిన్న హార్త్‌ఫైర్ పీసీకి కూడా వచ్చేసింది. మన గురించి చప్పుడు లేదు.

నెలకొకసారైనా "ఇంకా పని చేస్తున్నాం, ఇక్కడ ఆగాం" అని రెండు లైన్లు రాయడానికి ఏ మెమరీ అడ్డొచ్చింది? చెప్పడానికేమీ లేకపోతే అదే చెప్పొచ్చు కదా. గత డిసెంబర్‌లో స్పైక్ వీడియో గేమ్ అవార్డుల్లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టారు. కోటి కాపీలు షాపులకి పంపామని గొప్పగా చెప్పుకున్నారు. ఆ కోటిలో మన డిస్కులు కూడా ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ సుబ్బు
6 అక్టోబర్ 2012, రాత్రి 8:22

ఈ ఒక్క విషయంలో దొరతో పూర్తిగా ఏకీభవిస్తాను. మా ఆఫీసులో ఏదైనా సిస్టమ్ పడిపోతే బాగుచేసేవాళ్ళు వేరు, గంటగంటకీ కస్టమర్‌కి మెయిల్ పెట్టేవాళ్ళు వేరు. రెండో పని చేయకపోతే మొదటిది ఎంత బాగా చేసినా తిట్లే. బెథెస్డా వాళ్ళు ఆగస్టులో నిజాయితీగానే మాట్లాడారు, ఎవరూ ధైర్యం చేయని మాట అన్నారు, "చేయగలమో లేదో తెలియదు" అని. దానికి నేను మార్కులు వేస్తాను. ఆ తర్వాత మౌనం ఎందుకు?

డాలస్ బాబాయ్
6 అక్టోబర్ 2012, రాత్రి 11:45

లాయర్లు నాయనా, లాయర్లు. తేదీ చెప్పి తప్పితే ఇక్కడ కోర్టుకి ఈడుస్తారు.

నల్లకుంట నాని
6 నవంబర్ 2012, ఉదయం 7:15

లేవండి లేవండి! మూడో డీఎల్‌సీ ట్రైలర్ వచ్చింది. డ్రాగన్‌బార్న్. సోల్‌స్టైమ్ దీవి! డ్రాగన్ మీద ఎక్కి తిరగొచ్చట! బెథెస్డా వాళ్ళ పాత ఆట మోరోవిండ్‌లో బ్లడ్‌మూన్ భాగం ఆడినవాళ్ళకి ఆ దీవి గుర్తుండే ఉంటుంది. డిసెంబర్ 4న...

...ఎక్స్‌బాక్స్ 360కి.

లావణ్య_కె
6 నవంబర్ 2012, ఉదయం 7:40

నానీ, ఆ చివరి లైను ముందే రాస్తే కాఫీ ప్రశాంతంగా తాగేదాన్ని.

డ్రాగన్ దొర
4 డిసెంబర్ 2012, రాత్రి 10:50

స్కోరు మూడు సున్నా. ఇవాళ్టితో వాళ్ళకి మూడు, మనకి గుండుసున్నా.

ఈమధ్య బెథెస్డా వాళ్ళు ట్విట్టర్‌లో ఒక మాట అన్నారు కదా, పీఎస్3కి కొత్త సరుకు దగ్గరపడింది, వచ్చే ఏడాది మొదట్లో అని. పీఎస్3 విషయంలో డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్ పక్కన పెట్టి ముందు డ్రాగన్‌బార్న్ మీద దృష్టి పెట్టారట. బాబాయ్ సెప్టెంబర్‌లోనే చెప్పాడు, వరస తప్పించి ఇస్తారని. బాబాయ్, నీ నోట్లో చక్కెర పొయ్యాలో, ఇంకేం పొయ్యాలో తెలియట్లేదు.

సాఫ్ట్‌వేర్ సుబ్బు
5 డిసెంబర్ 2012, ఉదయం 9:05

దాన్నిబట్టి నా ఊహ ఒకటి. డాన్‌గార్డ్ కోట, కొత్త మనుషులు, వాళ్ళ గొడవ, అంతా ఉన్న స్కైరిమ్ మ్యాప్ మీదే వచ్చి కూర్చుంటుంది. ఊళ్ళ మీద వ్యాంపైర్ల దాడులు కూడా. అంటే మీ సేవ్‌లో ఇప్పటికే బరువెక్కిన చోట్లలోనే ఇంకా బరువు. డ్రాగన్‌బార్న్ చాలావరకు వేరే దీవి. పడవెక్కి వెళ్తే కొత్త లోకం లోడ్ అవుతుంది, పాతది దిగిపోతుంది. ముందు అది కుదిరిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహే సుమా, వాళ్ళు చెప్పింది కాదు.

నల్లకుంట నాని
20 జనవరి 2013, మధ్యాహ్నం 1:30

సంక్రాంతికి ఊరెళ్ళొచ్చేసరికి వార్త! మూడూ ఫిబ్రవరిలోనే పీఎస్3కి! మొదటి వారం సగం ధర! ముందు డ్రాగన్‌బార్న్, తర్వాత హార్త్‌ఫైర్, చివర్లో డాన్‌గార్డ్. అరిసెల డబ్బా చంకలో పెట్టుకునే ఈ పోస్టు కొడుతున్నా.

గ్రీన్ రింగ్
20 జనవరి 2013, మధ్యాహ్నం 2:10

సగం ధరా? మేం డాన్‌గార్డ్‌కి 1600 పాయింట్లు, అంటే 20 డాలర్లు పోశాం. మీరు పదికి కొంటారు. ఇప్పుడు ఎవరు ఎవర్ని చూసి ఏడవాలి?

డ్రాగన్ దొర
20 జనవరి 2013, మధ్యాహ్నం 2:25

ఎనిమిది నెలలు ఆగితే నీకూ ఇప్పించేవాణ్ణి గురూ.

సగం ధర మంచిదే, కాదనను. క్షమాపణ చెప్పే పద్ధతుల్లో జేబుకి తగిలేదే అన్నిటికన్నా నిజమైనది.

లావణ్య_కె
21 జనవరి 2013, ఉదయం 8:15

అందరూ సంబరపడేముందు ఒక ముఖ్యమైన సంగతి. మీ డిస్క్ ఏ రీజియనో చూసుకోండి. డబ్బా వెన్ను మీద బీఎల్ఈఎస్ అని ఉంటే యూరప్ డిస్క్, బీఎల్‌యూఎస్ అని ఉంటే అమెరికా డిస్క్. ఇక్కడ షాపుల్లో ఎక్కువగా మొదటి రకమే అమ్మారు, కానీ అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన డిస్కులు చాలామంది దగ్గర ఉన్నాయి. యూరప్ డిస్క్‌కి అమెరికా స్టోర్‌లో కొన్న డీఎల్‌సీ పనిచేయదు, అటుది ఇటూ పనిచేయదు. తక్కువకి వస్తోందని అమెరికా పీఎస్ఎన్ (సోనీ ఆన్‌లైన్ స్టోర్) కార్డు కొనేసి తర్వాత తల పట్టుకోవద్దు.

డాలస్ బాబాయ్
12 ఫిబ్రవరి 2013, రాత్రి 10:20

ఇక్కడ డ్రాగన్‌బార్న్ వచ్చేసింది. 9 డాలర్ల 99 సెంట్లు. రావెన్ రాక్ రేవులో దిగాను. బూడిద వాన, దూరంగా మంట కక్కే కొండ, టెల్వానీ మాంత్రికుల పెద్ద పుట్టగొడుగు ఇల్లు. పాత మోరోవిండ్ సంగీతం కాస్త వినిపించగానే ఒళ్ళు పులకరించింది. ఇప్పటిదాకా ఎక్కడా ఆగలేదు, ఫ్రేములు కూడా పరవాలేదు. మీకు రేపు.

డ్రాగన్ దొర
14 ఫిబ్రవరి 2013, రాత్రి 1:05

డౌన్‌లోడ్ పెట్టి నిద్రపోయాను. మా కనెక్షన్ సంగతి మీకు తెలిసిందే, ఇవాళ సాయంత్రానికి దిగింది. ఆటలో బ్లాక్ బుక్ అనే పుస్తకం తెరిచి అపోక్రిఫా అనే వింత లోకంలోకి వెళ్ళాను. గోడలన్నీ పుస్తకాలు, కింద నల్లటి బురద, అందులోంచి చేతుల్లాంటివి లేస్తున్నాయి. చాలా రోజుల తర్వాత ఒక ఆటలో కొత్త చోటు చూసి నోరెళ్ళబెట్టాను.

డ్రాగన్ స్వారీ మాత్రం తుస్సు. ఎక్కుతాం సరే, మనం చెప్పిన వైపు పోదు, దాని ఇష్టం వచ్చినట్టు గుండ్రంగా తిరుగుతుంది. ట్రైలర్‌లో దాన్నే ముందు పెట్టి ఊరించారు.

లావణ్య_కె
20 ఫిబ్రవరి 2013, రాత్రి 11:55

హార్త్‌ఫైర్. నా చేతిలో. ఇంకేం అడగొద్దు, స్థలం కొనడానికి యార్ల్ (ఆ ప్రాంతపు పాలకుడు) దగ్గరికి వెళ్తున్నాను.

నల్లకుంట నాని
21 ఫిబ్రవరి 2013, ఉదయం 6:40

రాత్రంతా మేలుకుని సోనీ న్యూయార్క్ ప్రెజెంటేషన్ చూసినవాళ్ళు చేతులెత్తండి. పీఎస్4! కన్సోల్ చూపించకుండా కంట్రోలర్ మాత్రమే చూపించారు కానీ, 8 జీబీ మెమరీ! జీడీడీఆర్5 రకం!

సాఫ్ట్‌వేర్ సుబ్బు
21 ఫిబ్రవరి 2013, ఉదయం 8:50

8 జీబీ కన్నా నాకు ముఖ్యమైనది, అదంతా ఒకటే మెమరీ. మధ్యలో గోడ తీసేశారు. 256కి 256గా చీల్చడం వల్ల ఆరేళ్ళుగా ఎందరు ప్రోగ్రామర్లు జుట్టు పీక్కున్నారో సోనీకి బాగానే వినిపించినట్టుంది. అలాగని బెథెస్డాని వెనకేసుకు రావట్లేదు. అదే పీఎస్3 మీద, అదే మెమరీతో మిగతా కంపెనీల ఆటలు నడిచాయి. పీఎస్3 ఎలాంటిదో 2006 నుంచీ అందరికీ తెలుసు. తెలిసి కూడా అన్నీ గుర్తుపెట్టుకునే ఇంజిన్‌నే తెచ్చి అందులో కుక్కింది వాళ్ళే.

గ్రీన్ రింగ్
21 ఫిబ్రవరి 2013, ఉదయం 9:20

సుబ్బు గారు మొదటిసారి రెండు వైపులా వాయించారు. బాగుంది.

డ్రాగన్ దొర
27 ఫిబ్రవరి 2013, రాత్రి 11:10

డాన్‌గార్డ్ దిగింది. రిఫ్టెన్ పక్కన డేస్ప్రింగ్ కాన్యన్‌లోంచి నడిచి వెళ్ళి కోట చూశాను. క్రాస్‌బో చేతికిచ్చారు. గ్రీన్ రింగ్, నువ్వు చెప్పింది నిజమే, తగిలితే ఎదుటివాడు తూలిపడుతున్నాడు. పాత సేవ్ మీద కాస్త తడబడుతోంది, ముఖ్యంగా వైట్‌రన్ బజారులో. కొత్త క్యారెక్టర్‌తో అయితే నున్నగా పోతోంది. పది ట్రోఫీలు కూడా కొత్తగా చేరాయి, ప్లాటినం ట్రోఫీ కొట్టి మురిసిపోయినవాళ్ళకి పూర్తిచేసిన ట్రోఫీల శాతం మళ్ళీ తగ్గింది.

లావణ్య_కె
28 ఫిబ్రవరి 2013, రాత్రి 9:30

అర్జెంటు! నేనూ డాన్‌గార్డ్ వేశాను, పిల్లలకి బొమ్మలు కొందామని రాత్రిపూట వైట్‌రన్‌లో దిగాను. గేటు దగ్గరే వ్యాంపైర్లు. కాపలావాళ్ళు, ఊరి జనం, అందరూ కలబడ్డారు. చూసేసరికి కమ్మరి ఆడ్రియాన్ నేల మీద పడి ఉంది. ఆమె మళ్ళీ బతుకుతుందా? నా ఇనుప మేకుల సరఫరా అంతా ఆమె దగ్గరే!

గ్రీన్ రింగ్
28 ఫిబ్రవరి 2013, రాత్రి 9:36

బతకదు. జూన్‌లో మా ఊళ్ళో సగం మందిని అలాగే పోగొట్టుకున్నాను. లోపలికి రాకముందు ఆటోసేవ్ ఉంటుంది చూడండి, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

లావణ్య_కె
28 ఫిబ్రవరి 2013, రాత్రి 9:38

ఆటోసేవ్‌లన్నీ ఆపేయమని సెప్టెంబర్‌లో ఒక మహానుభావుడు సలహా ఇచ్చాడు.

సాఫ్ట్‌వేర్ సుబ్బు
28 ఫిబ్రవరి 2013, రాత్రి 9:52

చేత్తో సేవ్ చేసుకోమని కూడా చెప్పాను కదండీ... సరే. మేకులకి ఇనుప కడ్డీ ఉంటే చాలు, మీ ఇంటి ముందున్న కమ్మరి దిమ్మె మీద మీరే కొట్టుకోవచ్చు. పదో లెవెల్ దాటినవాళ్ళందరికీ: రాత్రిపూట ఊళ్ళకి ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీద ఎంచుకుని నేరుగా చేరడం) చేయకండి, తెల్లారాక వెళ్ళండి. కథలో వ్యాంపైర్ల నాయకుడు హార్కన్ పని ముగించేస్తే ఈ దాడుల గోల చాలావరకు తగ్గుతుంది.